ముదరక ముందే కడగాలి: పడవల ర్యాంపు పూడికతీత మీద ఒక ప్రసంగం

నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు ఈ రెండు సీసాలూ ఒకసారి ఊపి బల్ల మీద పెడుతున్నాను. రెండింట్లోనూ ఒకటే మట్టి, ఏటి గట్టు మీది బంకమన్ను, రెండేసి చెంచాలు. ఎడమవైపు సీసాలో మంచినీళ్ళు, కుడివైపు సీసాలో సముద్రపు నీళ్ళు. ప్రస్తుతానికి రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో నాక్కూడా తెలియదు, అందుకే మూత మీద గుర్తు పెట్టుకున్నాను. నేను మాట్లాడుతున్నంతసేపూ వీటి మీద ఓ కన్నేసి ఉంచండి. నా మాటలకంటే ఇవే ఎక్కువ చెబుతాయి.

పడవల ర్యాంపు మీద, అంటే ట్రైలరు మీంచి పడవను నీళ్ళలోకి దింపే ఏటవాలు కాంక్రీటు దారి మీద, పూడిక ఎలా తియ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను ఇంజనీర్ని కాను. ఆటుపోట్లు తగిలే ఒక చిన్న ర్యాంపును ఏళ్ళ తరబడి చూసుకుంటున్నవాణ్ణి. చెయ్యకూడని తప్పులన్నీ ఒక్కొక్కటిగా చేసేశాను కాబట్టి మాట్లాడే హక్కు కొంత ఉందనుకుంటున్నాను. (నవ్వులు)

సాధారణంగా ఏం జరుగుతుందంటే, బురద పేరుకుంటూ ఉంటుంది, మనం చూస్తూ ఉంటాం. ఎవరో ఒకరు జారిపడతారు. లేదా ట్రైలరు చక్రం కూరుకుపోయి బండి ఎక్కదు. అప్పుడు అందరం కలిసి ఒక ఆదివారం పారలు పట్టుకుని దిగుతాం. మధ్యాహ్నానికి నడుములు పట్టేస్తాయి, సగం కూడా అవదు. అంతలో నీళ్ళు వచ్చేస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. అయిదు మీటర్ల వెడల్పు ర్యాంపు, పన్నెండు మీటర్ల పొడవున బురద, మందం ఒక జానెడు కూడా లేదు, 15 సెంటీమీటర్లు. ఇదంతా కలిపితే 9 ఘనపు మీటర్లు. తడి బురద ఘనపు మీటరుకు 1.3 టన్నులు తూగుతుందనుకుంటే దాదాపు 12 టన్నులు. ఒంటిచక్రం బండిలో 70 లీటర్లు పడుతుందనుకోండి, 130 బళ్ళ బురద. అది కూడా పాకుడు పట్టిన ఏటవాలు మీద పైకి తొయ్యాలి. చూస్తే ఇంతేగా అనిపిస్తుంది. ఎత్తితే గాని తెలీదు.

అదే బురద ఒకటిన్నర సెంటీమీటర్ల పొరగా ఉన్నప్పుడు? ఒక పంపు, ఒక గొట్టం, ఒక మనిషి, ఒక గంట. పైగా మోసే పనే లేదు. పన్నెండు టన్నుల పనికీ ఒక గంట పనికీ మధ్య తేడా బురద ఎంత ఉందన్నది మాత్రమే కాదండి, దాని వయసు ఎంతన్నది కూడా. ఇవాళ మీకు నేను చెప్పదలచుకున్నది ఈ వయసు సంగతే.

అసలు ఈ బురద ర్యాంపు మీదకే ఎందుకొస్తుంది? గట్టును కోసి లోపలికి జరిపి కట్టిన ర్యాంపులకు ఈ బాధ మరీ ఎక్కువ. బయట ఏరు పారుతూనే ఉంటుంది, ఈ మూలలో మాత్రం నీళ్ళు మెల్లగా సుడి తిరుగుతూ నిలబడిపోతాయి. పక్కనే చెక్కల వంతెనో, తేలే పాంటూనో ఉంటే అది ఇంకాస్త అడ్డం. తెలిసి కట్టుకున్నా తెలియక కట్టుకున్నా, మనం కట్టుకున్నది ఒక తేరుడు తొట్టి. నీళ్ళు అందులోకి వచ్చి, నిలబడి, తమ దగ్గరున్న మట్టిని దింపేసి పోతాయి.

మట్టి దిగడానికి ఎంతసేపు పడుతుందన్నది మొదటి చిక్కు. చిన్న రేణువు నీళ్ళలో ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ 1851లో ఇచ్చాడు. తమాషా ఏమిటంటే ఆయన అప్పుడు చూస్తున్నది బురదను కాదు, గాలిలో ఊగే లోలకాన్ని. ఆ సూత్రం ప్రకారం మిల్లీమీటరులో పదో వంతుండే సన్న ఇసుక రేణువు ఒక మీటరు లోతుకు రెండు నిమిషాల్లో దిగిపోతుంది. దానిలో పదో వంతుండే ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. బంకమట్టి రేణువు ఇంకా చిన్నది, రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదొందలో వంతు. దానికి మూడు రోజులు.

ఇప్పుడు ఆలోచించండి. పోటు ఎక్కడం ఆగి ఆటు మొదలయ్యే మధ్యలో నీళ్ళు కదలకుండా నిలబడేది ఎంతసేపు? మహా అయితే ఇరవై ముప్పై నిమిషాలు. ఆ లెక్కన బంకమట్టి ర్యాంపు మీద అసలు దిగకూడదు. మరి మన చెప్పులకు అంటుకునేది ఏమిటి?

సీసాలు చూడండి. ఎంతసేపైంది, పది నిమిషాలైందా? ఎడమదాంట్లో ఇంకా అంతా మడ్డిగానే ఉంది. కుడిదాంట్లో చూడండి, పై భాగం తేరుకోవడం మొదలైంది. ముందు వరసలో వాళ్ళకు దగ్గరగా చూపిస్తాను... ఇదిగో, సన్నటి దూదిపింజల్లాంటివి దిగుతున్నాయి, కనబడుతున్నాయా? మంచినీళ్ళలో బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతాయి. ఉప్పు తగలగానే ఆ తోపుడు తగ్గిపోతుంది, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఆ ఉండ సెకనుకు ఒక మిల్లీమీటరు దిగినా చాలు, మీటరు లోతుకు పదిహేడు నిమిషాలు. అంటే నీళ్ళు నిలబడిన ఆ కాసేపట్లోనే పని అయిపోతుంది. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే చోట్ల బురద ఇంతలా ఎందుకు పడుతుందో ఈ సీసాలోనే ఉంది.

సరే, దిగింది. ఆటులో మళ్ళీ లేచిపోవచ్చు కదా అంటారు. కొంత లేస్తుంది, అంతా లేవదు. 1950ల్లో వాన్ స్ట్రాటెన్, క్యూనెన్ అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు వాడెన్ సముద్రపు బురద మైదానాల్లో దీన్ని గమనించారు. పోటు మందగించగానే రేణువు దిగడం మొదలుపెడుతుంది. కానీ దిగుతూ దిగుతూనే ఇంకాస్త లోపలికి కొట్టుకొస్తుంది. కింద పడ్డాక దాన్ని లేపాలంటే పడేటప్పటి కంటే జోరైన నీళ్ళు కావాలి. ఆటు ఆ జోరు అందుకునేసరికి సగం నీళ్ళు వెళ్ళిపోయి ఉంటాయి. అందుకని ఆ రేణువు వచ్చినంత దూరం వెనక్కి పోదు. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకొకసారి, అది మన ర్యాంపు వైపు కొంచెం కొంచెం జరుగుతూనే ఉంటుంది. పైగా లోతు తక్కువున్న చాలా ఉప్పుటేళ్ళలో పోటు తక్కువసేపట్లో జోరుగా ఎక్కుతుంది, ఆటు తాపీగా దిగుతుంది. తెచ్చేవాడికి ఉన్న జోరు తీసుకెళ్ళేవాడికి లేదన్నమాట.

ఇక వయసు సంగతికి వస్తాను. 1935లో స్వీడన్‌లో ఫిలిప్ యూల్‌స్ట్రోమ్ ఫిరిస్ నది మీద చేసిన పరిశోధనలో ఒక గీత గీశాడు. ఏ సైజు రేణువును లేపడానికి ఎంత ప్రవాహం కావాలో ఆ గీత చెబుతుంది. మామూలుగా ఎవరైనా ఏమనుకుంటారు? రేణువు ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా లేస్తుందని కదా. కాదు. అన్నిటికంటే తేలిగ్గా లేచేది సన్న ఇసుక, సెకనుకు ఇరవై సెంటీమీటర్ల ప్రవాహం చాలు. అంతకన్నా సన్నబడేకొద్దీ లేవడం కష్టమవుతూ పోతుంది. గట్టిపడిన బంకమట్టిని లేపాలంటే సెకనుకు ఒక మీటరు దాటాలి, అంటే మనిషి చురుగ్గా నడిచే వేగానికి దగ్గర దగ్గర. మన మూలలో అంత ప్రవాహం ఎక్కడినుంచి వస్తుంది?

నిన్న పోటులో పడ్డ బురద మాత్రం అలా ఉండదు. దాన్ని చేత్తో తీసుకోండి, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. లీటరు బురదలో ఎండు మట్టి వంద నుంచి రెండొందల గ్రాములుంటుంది, మిగతాదంతా నీళ్ళే. అది పేరుకు బురద, నిజానికి చిక్కటి నీళ్ళు. కొన్ని వారాలు వదిలెయ్యండి. పై పొరల బరువుకు కింద పొరల్లో నీళ్ళు పిండుకుపోతాయి, అదే లీటరులో నాలుగైదు వందల గ్రాముల మట్టి ఉంటుంది. ఆటులో ఎండ తగిలితే ఇంకా బిగుసుకుంటుంది. ఇప్పుడు గొట్టంతో కొడితే గుంట పడుతుందే గాని కదలదు. ముదిరిపోయింది.

ముదిరిన బురదను ఒకసారి పారతో నిలువుగా కోసి చూడండి. నేను కొత్తలో అస్తమానం ఇదే పని, నా స్నేహితులు నవ్వేవాళ్ళు. పైన రెండు మూడు మిల్లీమీటర్లు లేత గోధుమరంగు. దాని కింద తారులా నలుపు, కోయగానే కుళ్ళిన గుడ్డు వాసన. గాలి తగలని చోట సూక్ష్మజీవులు నీళ్ళలోని సల్ఫేటును సల్ఫైడుగా మార్చేస్తాయి, అది ఇనుముతో కలిస్తే ఆ నలుపు వస్తుంది. ఇంకాస్త పరీక్షగా చూస్తే సన్న సన్న చారలుంటాయి, ఒక ఇసుక చార, ఒక బురద చార, మళ్ళీ ఇసుక, మళ్ళీ బురద. నీళ్ళు పారినప్పుడు ఇసుక, నిలబడినప్పుడు బురద. లెక్కపెడితే మీరు ఎన్ని పోట్ల పాటు నిద్రపోయారో తెలుస్తుంది. (నవ్వులు)

కాబట్టి పద్ధతి ఇది. పూడికను కుప్పగా పెంచి ఒకేసారి తియ్యడం కాదు, పొరగా ఉన్నప్పుడే కడిగెయ్యడం. పదిహేను రోజులకొకసారి వీలైతే మంచిది, అమావాస్యకీ పున్నమికీ. ఆ రోజుల్లో నీళ్ళు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతాయి గనక ర్యాంపు అడుగు అంచు బయటపడుతుంది. అష్టమి అటూ ఇటూ పోట్లు మందంగా ఉంటాయి, అప్పుడు అడుగు కనబడదు, ఆటుకు జోరూ ఉండదు. అప్పుడు దిగితే శ్రమ దండగ.

ఆ రోజున ఏ గంటకు దిగాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. నేనూ పొరబడ్డాను. నీళ్ళు పూర్తిగా దిగిపోయాక, ర్యాంపంతా తేలాక, తీరిగ్గా మొదలుపెడతారు. అది అన్నిటికంటే చెడ్డ సమయం.

పన్నెండో వంతుల లెక్క పడవవాళ్ళకు తెలిసిందే, అయినా చెబుతాను. ఆటు ఆరు గంటలనుకుంటే మొదటి గంటలో మొత్తం దిగుడులో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, అయిదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. మూడు మీటర్ల పోటైతే మొదటి గంటలో పాతిక సెంటీమీటర్లే, నడిమి గంటల్లో ముప్పావు మీటరు చొప్పున. ఇది ఉజ్జాయింపు లెక్క, మీ దగ్గర ఏరు వంకరను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ పనికి ఇది చాలు. ర్యాంపు వాలు ఎనిమిదికి ఒకటి అయితే, అంటే ఎనిమిది మీటర్లకు ఒక మీటరు దిగేదైతే, నడిమి గంటల్లో నీటి అంచు ర్యాంపు మీద గంటకు ఆరు మీటర్లు కిందికి జారుతుంది, నిమిషానికి పది సెంటీమీటర్లు. ఆఖరి గంటలో రెండు మీటర్లే.

నీటి అంచు వెనకే మీరూ దిగాలి. మొదటి గంటలో పై భాగం కడగండి. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ, అప్పుడే తేలిన పట్టీని, ఇంకా ఎండ చూడని పట్టీని కడుగుతూ, కిందికి తోస్తూ పోండి. మీరు కిందికి తోసిన మడ్డినీరు ఏటిలో కలిసేసరికి మూడో గంట, నాలుగో గంట నడుస్తూ ఉంటుంది, అప్పుడే ఆటుకు బలం ఎక్కువ. అదే మోసుకుపోతుంది. ఆఖరి గంటలో కడిగారనుకోండి, నీళ్ళకు మోసే బలముండదు, ఆ మడ్డంతా ర్యాంపు అడుగునే దిగుతుంది. ఇంకో గంటకు పోటు మొదలై దాన్ని మళ్ళీ పైకి తెచ్చి మీ చేతుల్లో పెడుతుంది.

అడుగు భాగం ఆఖరి గంటలోనే కదా తేలేది, దాన్ని ఎలా కడగాలి? మంచి ప్రశ్న, ఎవరూ అడగలేదు గాని. (నవ్వులు) తేలేదాకా ఆగకండి. నడిమి గంటల్లో, ఇంకా మోకాలి లోతు నీళ్ళుండగానే కదపండి. పొడుగు కర్రకు నాజిల్ కట్టి నీళ్ళ కిందే బురదలోకి కొట్టడం ఒక పద్ధతి. దంతెలాంటి బరువైన ఇనుప చట్రానికి తాడు కట్టి ర్యాంపు మీంచి కిందికీ పైకీ లాగడం ఇంకోటి. బురద లేచి నీళ్ళలో కలిస్తే చాలు, మిగతాది ఆటు చూసుకుంటుంది. పెద్ద రేవుల్లో ఇదే పని ఓడతో చేస్తారు, బురదలోకి నీళ్ళు ఎక్కించి దాన్ని పలచన చేస్తే అది తన బరువుకు తానే లోతులోకి పాకుతుంది. 1980ల్లో నెదర్లాండ్స్‌లో మొదలైన పద్ధతి. అక్కడ కూడా నీళ్ళు బోలెడు పంపుతారు, ఒత్తిడి మాత్రం తక్కువే.

ఒత్తిడి తక్కువ, నీళ్ళు ఎక్కువ. ఇది రాసిపెట్టుకోండి. ఎందుకంటే నా మొదటి ఘనకార్యం దీనికి తలకిందులు. కారు కడిగే హైప్రెషర్ యంత్రం తెచ్చాను. చూడ్డానికి అద్భుతంగా ఉంది, చీపురుపుల్లంత ధారతో తెల్లటి గీత పడుతుంది. గంటసేపు గీతలు గీశాను. ఆ యంత్రం నిమిషానికి పది లీటర్లు వదులుతుంది. బురద పక్కకు చిమ్ముతుంది గాని మోసుకుపోయే నీళ్ళెక్కడివి? నాలుగడుగుల అవతల మళ్ళీ దిగింది. అంతటితో పోయిందా? ధార దగ్గరగా పెట్టిన చోటల్లా కాంక్రీటు పైన సిమెంటు పొర లేచిపోయి కంకర తేలింది. మర్నాటి నుంచి ఆ గరుకులో నాచు ఇంకా బాగా పట్టుకుంది. మామూలు రెండంగుళాల పెట్రోలు పంపు నిమిషానికి అయిదొందల లీటర్లు తోస్తుంది. దాని ధార ముందు చెయ్యి పెట్టినా ఏం కాదు, కానీ బురద వరదలో పోయినట్టు పోతుంది. హైప్రెషర్ ధార ముందు మాత్రం చెయ్యి పెట్టకండి, తోలు చీల్చుకుని లోపలికి దిగుతుంది. బయటికి చిన్న గాటులాగే కనబడుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన దెబ్బ అది.

పంపు విషయంలో ఇంకో మాట. నీళ్ళు పీల్చే గొట్టాన్ని మీరు బురద తోస్తున్న వైపు వెయ్యకండి, పైవాటున, ప్రవాహం వచ్చే వైపు వెయ్యండి. గొట్టం మూతికున్న జల్లెడ అడుగుకు తగలకుండా తేలేలా కట్టండి. పనైపోయాక పంపులో మంచినీళ్ళు తిప్పండి, లేకపోతే ఉప్పు దాన్ని తినేస్తుంది.

కాంక్రీటు మీద ఏటవాలు గాడులుంటాయి కదా, టైర్లు పట్టు దొరకబుచ్చుకునేది వాటితోనే. నీళ్ళు పక్కకు జారిపోవాలని వాటిని అడ్డంగా కాకుండా ఏటవాలుగా తీస్తారు. బురద ముందుగా నింపేది ఆ గాడుల్నే. పైన ఒక్క పొర కూడా లేదు, శుభ్రంగా ఉంది అనుకుంటాం, గాడులు నిండిపోయి అద్దంలా ఉంటుంది. కాబట్టి గొట్టాన్ని గాడి వెంబడే పట్టండి, అడ్డంగా కాదు. గట్టి చీపురు కూడా అలాగే, గాడి వెంబడి.

ఇదంతా బురద గురించి. మీది ఇసుక మేట అయితే నేను చెప్పింది సగం పనికిరాదు. ఇసుక ఉప్పుకు ఉండ కట్టదు, ముదరదు, గొట్టంతో కొడితే రెండు మీటర్లు జరిగి మళ్ళీ కూర్చుంటుంది. అలలు తెచ్చిపెట్టిన ఇసుకను పారతోనో లోడరుతోనో ఎత్తాల్సిందే. తేలిగ్గా నీళ్ళు ఓడుతుంది, ఎత్తడమూ సులువే. బురదా ఇసుకా కలిసి ఉన్నాయా అన్నది వేళ్ళ మధ్య రుద్దితే తెలుస్తుంది. గరగరమంటే ఇసుక.

ముందే ముదిరిపోయిందండీ, మేం ఇప్పుడేం చెయ్యాలి అంటారా, యంత్రం తేవాల్సిందే. బకెట్టుకు పళ్ళుండకూడదు, చదును అంచు ఉండాలి, దానికి రబ్బరు పట్టీ వేస్తే ఇంకా మంచిది. యంత్రం శుభ్రం చేసిన కాంక్రీటు మీదే నిలబడాలి, బురద మీదికి ఎక్కకూడదు. పై నుంచి కడుక్కుంటూ, తీసుకుంటూ దిగాలి. పలక ఆఖరి అంచు మీద బరువు పెట్టొద్దు, దాని కింద మట్టి కొట్టుకుపోయి బోలుగా ఉండొచ్చు.

ఆ బోలు ఎలా వస్తుందో తెలుసా? మన పడవలవాళ్ళ చలవే. ట్రైలరు మీదికి పడవను ఎక్కించేటప్పుడు చేత్తో లాగే బదులు మోటారు జోరుగా తిప్పి ఎక్కిస్తారు. ఆ ఫ్యాను తోసే నీళ్ళు ర్యాంపు చివర గుంట తవ్వుతాయి, తవ్విన మట్టిని కాస్త వెనకాల దిబ్బగా పోస్తాయి. తర్వాత వచ్చినవాడి ట్రైలరు చక్రం గుంటలో పడుతుంది, పడవ అడుగు దిబ్బకు తగులుతుంది. అందరూ పూడిక పూడిక అని అరుస్తారు. అది ఏరు తెచ్చిన పూడిక కాదు, మనం తవ్విపోసుకున్నది. వించితో, అంటే తాడు చుట్టి లాగే చేతి యంత్రంతో, లాగితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

తీసిన బురద ఎక్కడ వెయ్యాలి? ఇది నా రెండో ఘనకార్యం. గట్టు పక్కనే, పోటు గీతకు కొంచెం పైన పోగు పెట్టాం. చక్కగా ఉందనుకున్నాం. పది రోజులకు పున్నమి పోటొచ్చింది, దానికి తోడు వాన. మేం తీసిన బురదనే మళ్ళీ మేమే తీశాం. (నవ్వులు) పోటు గీతకు చాలా పైన, చుట్టూ కట్ట వేసి, నీళ్ళు ఓడేలా చెయ్యాలి. నేతసంచుల్లాంటి జియోటెక్స్‌టైల్ సంచుల్లో నింపితే నీళ్ళు బయటికి పోయి మట్టి లోపల ఉంటుంది. ఆ మట్టి ఉప్పుమట్టి, తోటలో వేస్తే మొక్క బతకదు.

ఇంకో సంగతి. పడవలు చాలాకాలంగా గీకి రంగులేసిన చోటు బురదలో రాగి, జింకు ఉంటాయి. పాత రోజుల రంగుల్లోని ట్రైబ్యూటైల్ టిన్ కూడా ఉండొచ్చు. నత్తల్నీ ఆల్చిప్పల్నీ పాడుచేసిన విషం అది. అంతర్జాతీయ నౌకా సంస్థ 2001లో ఒప్పందం చేసింది, 2008 నుంచి ఓడల మీద నిషేధం అమల్లో ఉంది. రంగు పోయినా బురదలో అది తొందరగా చావదు, గాలి తగలని నల్లపొరలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందుకని ముదిరిన పాత పూడికను కదిపే ముందు పరీక్ష చేయించాలి. పైగా తవ్విన బురదను నీళ్ళలో పారబోయడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి. 1972 లండన్ ఒప్పందం దగ్గర్నుంచి సముద్రంలో పారబోత మీద కట్టుబాట్లున్నాయి. గొట్టంతో కడగడం కూడా ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీ రేవు అధికారిని ముందే అడిగి కాగితం మీద తీసుకోండి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వద్దంటారు, ఆ కాలం వదిలెయ్యండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభలోంచి: మీరన్నట్టు ఆటుతో పంపేస్తే, కింద రేవువాళ్ళ నెత్తిన పడదా అండీ?)

పడొచ్చమ్మా. పడదని నేను చెప్పను. పదిహేను రోజుల పొర అయితే అది నిన్నా మొన్నా ఆ నీళ్ళలోంచే దిగింది, అదే నీళ్ళకు తిరిగి ఇస్తున్నాం. ఒక ఘనపు మీటరు కూడా ఉండదు, నడిమి ఆటులో అది ఎక్కడ కలిసిందో కూడా కనబడదు. అదే రెండేళ్ళ పూడిక, పాతిక ముప్పై ఘనపు మీటర్లు ఒక్క మధ్యాహ్నంలో నీళ్ళలోకి తోశారనుకోండి, అది పక్కవాడి రేవు మీదే పడుతుంది. దిగువన సముద్రపు గడ్డి ఉంటే దానికి ఎండ అందదు. ఆ నల్లబురద నీళ్ళలోని ప్రాణవాయువును లాగేస్తుంది, చేపలు తేలతాయి. అంత ఉంటే ఎత్తి గట్టు మీదికే తేవాలి, నీళ్ళలోకి కాదు. ముందే కడుక్కోమని నేను ఇంతగా పోరేది అందుక్కూడా.

(సభలోంచి: పాకుడుకు బ్లీచింగ్ చల్లొచ్చా?)

వద్దండి. పాకుడుతో పాటు కింద ఉన్నవన్నీ చస్తాయి, పాకుడు నెలలో మళ్ళీ వస్తుంది. గట్టి చీపురు, నీళ్ళు. పోటు తగలని పై భాగంలో అయితే వేడినీళ్ళు బాగా పనిచేస్తాయి.

జాగ్రత్తల గురించి రెండు ముక్కలు. ఒంటరిగా దిగొద్దు. ర్యాంపు దాటి బురద మీదికి అడుగు వెయ్యొద్దు. ర్యాంపు మీద నీటి అంచు గంటకు ఆరు మీటర్లు వస్తుందని చెప్పాను, కానీ ర్యాంపు అవతల వందకు ఒకటి వాలున్న బురదనేల మీద అదే నీళ్ళు గంటకు డెబ్బై అయిదు మీటర్లు వస్తాయి. కాలు ఇరుక్కుంటే లాక్కోకండి, లాగినకొద్దీ కింద ఖాళీ ఏర్పడి ఇంకా పట్టేస్తుంది. వెనక్కి వాలి కూర్చోండి, బరువు పరుచుకునేలా చెయ్యండి, కాలిని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే చుట్టూ నీళ్ళు చేరి వదులవుతుంది. గట్టు మీదున్నవాళ్ళు చేతులు పట్టి గుంజొద్దు, చెక్క పలక వెయ్యండి, సాయానికి ఫోను చెయ్యండి. పోటు తిరిగే టైముకు అలారం పెట్టుకుని ఒక మనిషి గట్టు మీదే ఉండాలి, పని ఎంత బాకీ ఉన్నా సరే.

పూడిక రాకుండా చెయ్యలేమా అని ప్రతి సభలో అడుగుతారు. పూర్తిగా కుదరదు. కానీ పాతకాలంలో ఒక ఉపాయం ఉండేది. పోటు నీళ్ళను ఒక చెరువులాంటి దాంట్లో పట్టి ఉంచి, ఆటు అడుక్కు వెళ్ళాక తూములు ఒక్కసారిగా ఎత్తేవారు. ఆ దూకుడుకు రేవులో బురద కొట్టుకుపోయేది. ఇంగ్లండ్‌లో ర్యామ్స్‌గేట్ రేవు పూడిపోతుంటే 1770ల్లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు ఇలాగే తూములు పెట్టించాడు. మన చిన్న ర్యాంపుకు చెరువు తవ్వలేం గాని, పాంటూను కింద నీళ్ళు పారేలా ఖాళీ వదిలామా, పక్క గోడ ప్రవాహానికి అడ్డుపడుతోందా అన్నది చూసుకోవచ్చు. ఒకచోట కేవలం పాంటూనును కొద్ది మీటర్లు జరిపితే బురద పడే వేగం సగానికి తగ్గడం నేను కళ్ళారా చూశాను. ఇంకోచోట జరిపితే ఏ తేడా రాలేదు, అదీ చూశాను.

అందుకే కొలవమంటాను. ర్యాంపు మీద అయిదారు చోట్ల రంగుతో గుర్తులు పెట్టండి. నెలకు రెండుసార్లు, కడిగే ముందు, ఇనుప చువ్వ కాంక్రీటుకు తగిలేదాకా గుచ్చి బురద మందం రాసుకోండి. ఆరు నెలలయ్యేసరికి మీ బురద ఎక్కడ పుడుతుందో, ఏ గాలికి, ఏ వానకు, ఏ పోటుకు పెరుగుతుందో మీ పుస్తకమే చెబుతుంది. మాకు పైనుంచి మూడో గుర్తు దగ్గరే ఎప్పుడూ ఎక్కువ ఉండేది. ఎందుకా అని తల బద్దలుకొట్టుకున్నాం. చూస్తే పోటు నిలబడే వేళకు పక్క గోడ చివర పుట్టిన సుడి సరిగ్గా అక్కడికొచ్చి ఆగుతోంది. ఇప్పుడు పంపు పెట్టగానే మొదటి ధార ఆ మూడో గుర్తు మీదికే.

సీసాలు ఒకసారి చూసి ముగిద్దాం. కుడిదాంట్లో పైన వెనకాల గోడ కనబడేంతగా తేరింది, అడుగున రెండు వేళ్ళ మందం బురద. ఎడమది ఇంకా మడ్డే, అది రేపటికీ తేరదు. ఇప్పుడు కుడి సీసాను కొంచెం వంచుతున్నాను, చూడండి, అడుగు బురద ఎంత తేలిగ్గా జారుతోందో. ఇలాంటిదే ఇంకో సీసా ఇంట్లో కిటికీలో ఉంది, రెండు నెలల క్రితం ఊపింది. ఇవాళ తెద్దామని తలకిందులు చేసి చూశాను, బురద అడుగును వదలలేదు.

పంపు, నాజిల్ కర్ర బయట ఉన్నాయి. పట్టుకుని చూడాలనుకున్నవాళ్ళు నాతో రండి, బూట్లు మాత్రం తడుస్తాయి.